చందవోలు కథ చరిత్రేనా? ఆంధ్రలో బౌద్ధం పోయింది ఇలాగేనా?

రేపల్లె కుర్రాడు:
మాది చందవోలు పక్క ఊరు. లింగోద్భవస్వామి గుడి దగ్గర పెద్దవాళ్లు చెప్పే కథే మొన్న యూట్యూబ్‌లో వచ్చింది. చందవోలు నుంచి ఏలిన వెలనాటి చోడుడి కొలువులో శైవ గురువు మల్లికార్జున పండితారాధ్యుడికీ ఒక బౌద్ధాచార్యుడికీ వాదం జరిగిందట. పండితుడి శిష్యులు ఆ ఆచార్యుణ్ణి చంపేస్తే, రాజు పండితుడి కళ్లు పీకించాడట. శివుడి దయతో చూపు తిరిగొచ్చింది. పాల్కురికి సోమనాథుడి ‘పండితారాధ్య చరిత్ర’లో ఉందంటున్నారు. కింద కామెంట్లలో ఒకటే కొట్లాట: శైవులు బౌద్ధుల్ని నరికి తుడిచిపెట్టారని కొందరు, అంతా కట్టుకథని కొందరు. ఏది నమ్మాలి?

శాసనాల పిచ్చోడు:
తమ్ముడూ, రెండూ నమ్మకు. అమరావతి అమరేశ్వరుడి గుడిలో ఒక స్తంభం మీద 1182 నాటి శాసనం ఉంది. వేయించింది ధరణికోట ఏలిన కోట కేతరాజు. ఊరిని వర్ణిస్తూ అమరేశ్వరుణ్ణి పొగుడుతాడు, ఆ ఊపులోనే ఎత్తైన చైత్యాన్నీ (అంటే అక్కడి బౌద్ధ స్తూపాన్నీ) అక్కడి బుద్ధుణ్ణీ పొగుడుతాడు. ఆ బుద్ధుడికి ఊళ్లు రాసిచ్చాడు, అఖండ దీపాలు పెట్టించాడు, నెయ్యి కోసం గొర్రెల్ని కూడా ఇచ్చాడు. అదే స్తంభం మీద 1234లో నతవాడి రాజుల ఆడపడుచు బయ్యల, మళ్లీ బుద్ధుడికే దీపం.

పండితారాధ్యుడు 12వ శతాబ్దంలో బసవేశ్వరుడి కాలంవాడు. అంటే చందవోలు గొడవ జరిగి ఉంటే ఈ దీపాలకంటే ముందే. ఇక సింహళంలో గడలాదెనియ దగ్గర 1344 శాసనం చూడు: ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో, అంటే ఈ అమరావతి-ధరణికోటలోనే, రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని (బుద్ధ విగ్రహం ఉండే గుడిని) బాగుచేయించాడట. అప్పటికి కాకతీయులే పోయారు!

నాకైతే ఆ కథలో పట్టుకోవాల్సింది కళ్లు పీకించడం. సోమనాథుడు కరడుగట్టిన వీరశైవుడు. బౌద్ధుడు చస్తే రాజు శైవ గురువుని శిక్షించాడని రాశాడంటే, ఆ కొలువులో బౌద్ధుల మాట చెల్లుబాటయ్యేదని తనకు తెలియకుండానే చెప్పేశాడు.

నల్లరేగడి:
మాస్టారూ, అక్కడ ఒప్పుకోను. కళ్లు పోతేనే కదా తిరిగొచ్చేది! మహిమ కోసం అల్లిన ముక్క అది. బౌద్ధులూ తక్కువ తినలేదు. కాలచక్ర తంత్రం అనే బౌద్ధ గ్రంథాన్ని బుద్ధుడే ధాన్యకటకంలో బోధించాడని టిబెట్ వాళ్ల నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష జరిపించింది ఆ నమ్మకంతోనే. తీరా చూస్తే ఆ గ్రంథం 11వ శతాబ్దం నాటిది. దాన్నీ చరిత్ర అందామా?

శాసనాల పిచ్చోడు:
బుద్ధుడి చరిత్ర కాదు, 11వ శతాబ్దం చరిత్ర అందాం. పాడుబడ్డ దిబ్బకి అంత గొప్ప ఎవరూ కట్టబెట్టరు. ఆ స్తూపానికి అప్పటికీ పేరుంది. మహిమ సంగతంటావా, దానికి రాజు చెడ్డవాడైతే చాలు, బౌద్ధుల పక్షం వహించక్కర్లేదు.

హత్య జరిగే ఉండొచ్చు, కాదనను. కానీ ఒక ఆచార్యుణ్ణి చంపితే మతం పోదు. ఆ రోజుల్లో శివుడికి దానశాసనాలు వందల్లో ఉన్నాయి, బుద్ధుడికి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. గొర్రెలిచ్చేవాళ్లు కరువైతే దీపం ఎవరు పెడతారు?

రేపల్లె కుర్రాడు:
కేతరాజు శాసనం పాఠం ఎక్కడ దొరుకుతుందండీ?

శాసనాల పిచ్చోడు:
శాసనాల పాఠాలు అచ్చేసే ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 6వ సంపుటం. అనువాదం ఒక్కటే చదివి కామెంట్లలోకి దూకకు, మూలం కూడా పక్కన పెట్టుకో.