కోడ్‌నేమ్స్ ఆటను తెలుగులో ఆడాలంటే ఎలాంటి పదాలు ఎంచుకోవాలి?

ప్రశ్న – జయనగర మేడమీద

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో జయనగరలో ఉంటాము. నెలలో రెండు ఆదివారాలు సాయంత్రం ఐదింటికి ఏడెనిమిది మందిమి మా మేడమీద చేరి బోర్డు ఆటలు ఆడుకుంటాము. అందరివీ కంప్యూటరు ఉద్యోగాలే, ఊళ్ళు మాత్రం వేరు. ఒకరిది శ్రీకాకుళం, ఒకరిది గూడూరు, ఇద్దరిది కర్నూలు, ఒకరిది కరీంనగర్. ఇంకొకరి కుటుంబం మూడు తరాలుగా బెంగళూరులోనే ఉంది. మొదట్లో కటాన్ ఆడేవాళ్ళము గానీ, అది నలుగురికే సరిపోయే ఆట కావడంతో మిగిలినవారు పల్లీలు ఒలుచుకుంటూ కూర్చోవలసి వచ్చేది. అందువల్ల రెండేళ్ళుగా కోడ్‌నేమ్స్‌కు మారాము.

తెలియనివారి కోసం ఆట గురించి రెండు ముక్కలు. చెక్ దేశస్థుడైన వ్లాదా ఖ్వాటిల్ రూపొందించిన ఈ ఆట 2015లో వచ్చింది, 2016లో జర్మనీవారి 'ష్పీల్ దెస్ యారెస్' బహుమతి పొందింది. బల్లమీద అయిదు వరసల్లో పాతిక పదాలు పరుస్తారు. ఆటగాళ్ళు రెండు జట్లుగా విడిపోతారు. ముందు ఆడే జట్టువి 9 పదాలు, రెండో జట్టువి 8. ఏడు ఎవరివీ కావు. మిగిలిన ఒక్కటి హంతకుడు, దాన్ని ముట్టుకున్న జట్టు అక్కడికక్కడే ఓడిపోతుంది. ఏ పదం ఎవరిదో చూపే తాళపు కార్డు జట్టుకొక సూచకుడి చేతిలో మాత్రమే ఉంటుంది. అతడు తన జట్టు పదాలను కలిపే ఒక్క మాట, అది ఎన్ని పదాలకు వర్తిస్తుందో తెలిపే ఒక్క అంకె చెప్పాలి, అంతకుమించి పెదవి విప్పకూడదు. ఆ సూచనను బట్టి జట్టులోని మిగిలినవారు తమ పదాలేవో ఊహించి వేలు పెట్టాలి. ఎవరికీ చెందని ఆ ఏడింటిని మేము 'దారినపోయే దానయ్యలు' అంటాము.

మా కష్టం ఏమిటంటే, ఆ మూడు గంటలూ తెలుగులోనే మాట్లాడుకుంటాము, తెలుగులోనే కొట్లాడుకుంటాము, కానీ బల్లమీద పదాలు మాత్రం ఇంగ్లీషువి. మొన్న నరసరావుపేట నుంచి వచ్చిన మా అత్తగారు కాసేపు చూసి, "ఇందులో మన మాట ఒక్కటైనా లేదేమి బాబూ?" అని అడిగారు. సమాధానం చెప్పలేక, ఆ రాత్రే వంద తెలుగు పదాలు రాసి కార్డులు చేశాను. ఏనుగు, రైలు, వంకాయ, సముద్రం, కుర్చీ వంటివి. ఆట పది నిమిషాల్లో ముగిసిపోయింది. "కూరగాయ, 4" అంటే ఇక ఆలోచించవలసినది ఏముంటుంది? మరుసటి ఆదివారానికి పట్టుదలగా నిఘంటువు ముందేసుకుని గంభీరమైన పదాలు ఏరాను. ఈసారి సగం పదాలకు అర్థం నేనే చెప్పవలసి వచ్చింది. ఈ రెంటికీ మధ్య దారి ఏది? కార్డులు ఎలా చేయాలి, సూచనల నియమాలను తెలుగుకు తగినట్టు మార్చాలా అన్నది కూడా అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 – పదకేళి పిచ్చి

మీ పొరపాటు పదాల కష్టసుఖాల్లో లేదు. ఏనుగు అంటే ఏనుగే, దానికి రెండో ముఖం లేదు. ఈ ఆటకు కావలసినవి చిన్నపిల్లలకు కూడా తెలిసి, ఒకటికి మించిన అర్థాలున్న మాటలు. చుక్క తీసుకోండి: ఆకాశంలో ఉంటుంది, ముగ్గులో ఉంటుంది, కంటిలో మందు చుక్కగా పడుతుంది, కొందరికి సాయంత్రం గ్లాసులో కూడా కనబడుతుంది. పట్టు అంటే చీరా, పంతమూ, పిడికిలి బిగువూ. వంక నెలవంకలో ఉంది, వాగులూ వంకల్లో ఉంది, పెళ్ళిచూపుల్లో వంకలు పెట్టేవారి నోట్లోనూ ఉంది. మడి పొలంలో ఒకటి, వంటింట్లో ఇంకొకటి. పాలు గిన్నెలోవి కావచ్చు, ఆస్తిలోవి కావచ్చు. రాయి అన్న మాట చూసి ఒకరు బండను తలుచుకుంటారు, మరొకరు పలక పట్టుకుంటారు.

ఇలాంటి పదాల మధ్య సూచన ఎంత ప్రమాదకరంగా మారుతుందో చూడండి. మీ జట్టుకు పట్టు, అంచు, కుచ్చు వచ్చాయనుకుందాం, హంతకుడు మడి. మీరు ధీమాగా "చీర, 3" అంటారు. కర్నూలు మిత్రుడికి మడి అంటే వరిమడి గనుక ఆయన వల్ల భయం లేదు. కానీ తెల్లవారుజామున మడిచీర ఆరేసే నాయనమ్మ ఉన్న ఇంట్లో పెరిగినవారు నేరుగా దాని మీదే వేలు పెడతారు. అందుకే సూచన చెప్పే ముందు వేలు పెట్టేది ఎవరో, వారు ఏ ఇంట్లో పెరిగారో ఆలోచించుకోవాలి. నా దృష్టిలో ఆటలోని మజా అంతా అక్కడే ఉంది.

రెండో రకం పదాలు ఇంకా విలువైనవి. విడిగా చూస్తే వాటికి ఒకదానితో ఒకటి చుట్టరికం ఉండదు, నానుడిలో మాత్రం కలిసిపోతాయి. తోక, ద్రాక్ష, వినయం అన్న మూడు కార్డులు బల్లమీద ఉన్నాయనుకోండి. తెలుగు రానివారికి వీటి మధ్య ఏమీ కనబడదు. మనకు "నక్క, 3" అంటే చాలు: నక్క తోక తొక్కినవాడు, నక్కకు అందని ద్రాక్ష, నక్క వినయాలు. ఇంగ్లీషు పెట్టెను అనువదించుకుని ఆడితే ఇలాంటివి ఒక్కటీ దొరకవు. కనుక దయచేసి అనువాదం జోలికి వెళ్ళకండి.

అసలు పెట్టెలో 200 కార్డులు, రెండు వైపులా కలిపి 400 పదాలు ఉంటాయి. మీకు అన్ని అక్కరలేదు. అయితే వంద మాత్రం చాలవు, నాలుగు ఆటలకే అన్నీ కళ్ళబడిపోతాయి. రెండు వందలతో మొదలుపెట్టి, ఎవరికీ ఉత్సాహం కలిగించని కార్డును నిర్దాక్షిణ్యంగా తీసివేస్తూ పోండి. ఏనుగును కూడా పూర్తిగా వెలివేయవద్దు; బల్లమీద అన్నీ మెలికల మాటలే ఉంటే ఊపిరి ఆడదు.

జవాబు 2 – వాదోపవాది

పదాల సంగతి పై మిత్రులు చక్కగా చెప్పారు గనుక నేను నియమాల జోలికే వెళతాను. మా ఇంట్లో దీని మీద ఒకసారి కాఫీ చల్లారిపోయేంత వాదన జరిగింది.

బల్లమీద కనబడుతున్న పదాన్ని ఏ రూపంలోనూ సూచనగా వాడకూడదన్నది అసలు నియమం. ఇంగ్లీషులో దీనికి పెద్దగా తంటా లేదు. తెలుగులో విభక్తులు, సమాసాలు, సంధులు ఉన్నాయి. 'పాలు' బల్లమీద ఉండగా 'పాలపుంత' అనవచ్చా? మేము కూడదన్నాము. 'అగ్ని' ఉండగా 'అగ్గి' అనవచ్చా? ప్రకృతి వికృతులు ఒకే పదానికి రెండు వేషాలే గనుక అదీ కూడదన్నాము. 'భక్తి' ఉండగా ఒకాయన 'బత్తి' అన్నాడు. తన ఉద్దేశం అగరుబత్తి అని ఆయన ఎంత వాదించినా, 'బత్తి' అన్నది 'భక్తి'కి వికృతి కూడా అవుతుందని రెండో జట్టు ఊరుకోలేదు. చివరకు ఒక సులువైన తీర్పు దగ్గర ఆగాము: కార్డు మీది మాట సూచనలో చెవికి వినబడినా, దానికి వికృతి అయినా చెల్లదు. ఆ కార్డు ఆటలోంచి వెళ్ళిపోయిన తరువాత మాత్రం నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. పర్యాయపదానికి అడ్డు లేదు. 'నిప్పు' హాయిగా చెప్పుకోవచ్చు.

'ఒక్క మాట' అన్న నియమమే అన్నింటికన్నా ప్రమాదం. మన భాషలో ఎన్ని మాటలనైనా ఒక్క మాటగా అతికించవచ్చు కదా. మావాడు ఒకడు 'సముద్రతీరసాయంసమయం' అన్నాడు. అప్పటి నుంచి జనం నోట నానిన సమాసాలనే ఒప్పుకుంటున్నాము. తగవు వస్తే ఆంధ్రభారతి జాలగూటిలో నిఘంటువులన్నీ ఒకేచోట వెతకవచ్చు గానీ, నా సలహా ఏమిటంటే నిఘంటువును తీర్పరిగా పెట్టుకోకండి. ఆటలో న్యాయం ఆ పూట బల్లచుట్టూ ఉన్నవారికి తెలిసినంతే ఉండాలి.

ఇంకొక్క మాట. అవధానాల్లో దత్తపది చూసినవారికి ఈ ఆట కొత్తగా అనిపించదు. అక్కడ పృచ్ఛకుడు పొంతన లేని నాలుగు పదాలు ఇచ్చి వాటన్నింటినీ ఒకే పద్యంలో ఇమడ్చమంటాడు. ఇక్కడ సూచకుడు పొంతన లేని పదాలను ఒకే మాటలో ఇమడ్చాలి. ఛందస్సు బాధ లేదు, అంతే తేడా.

జవాబు 3 – చామరాజపేట చిన్నది

నేను బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. ఇంట్లో తెలుగు మాట్లాడతాము, బడిలో కన్నడం చదివాను. తెలుగు లిపి కన్నడానికి దగ్గరే గనుక కూడబలుక్కుని చదవగలను గానీ, పాతిక కార్డులను ఒక్క చూపులో చదవమంటే నా వల్ల కాదు. కనుక ఆట మొదలయ్యే ముందు ఎవరైనా పాతిక పదాలనూ ఒకసారి పైకి చదవాలని మనవి. మీ గుంపులో మూడు తరాల బెంగళూరు మిత్రులు ఉన్నారన్నారు. వారు సిగ్గుపడి అడగకపోయి ఉండవచ్చు.

శ్లేష పదాల మీద నాకు కొంచెం అభ్యంతరం కూడా ఉంది. 'తాళం' అనగానే మీకు బీరువా, భజన రెండూ తోస్తాయి. మా ఇంట్లో తలుపుకు వేసేది బీగం. తాళం అంటే సంగీతంలోదే. అంటే మీ శ్లేష నా దగ్గరకు వచ్చేసరికి సగమే మిగులుతుంది. ఒకసారి మా ఆటలో సొరకాయ, ఆనపకాయ రెండూ బల్లమీదకు వచ్చాయి. అవి వేరువేరు కూరగాయలని నేను, ఒకటేనని మరొకరు పావుగంట వాదించుకున్నాము. ఇప్పుడు మేము పాటించే పద్ధతి ఇది: పదాలు పరిచాక ఎవరైనా "నాకు తెలియదు" అంటే, కారణం అడగకుండా, నవ్వకుండా ఆ కార్డు మార్చేస్తాము. నవ్వకుండా అన్నదే ముఖ్యం.

మన నోళ్ళలో అరిగిపోయిన ఇంగ్లీషు మాటలను పరాయివని పక్కన పెట్టకండి. 'లైను' టికెట్ల దగ్గర ఉంటుంది, ఫోనులో ఉంటుంది, కాలేజీ గేటు దగ్గర కుర్రాళ్ళు వేసేదీ అదే. 'పాసు' పరీక్షలోదీ, బీఎంటీసీ బస్సుదీ. ఇవి శ్రీకాకుళం నుంచి చామరాజపేట దాకా అందరికీ ఒకే రకంగా తెలుసు.

జవాబు 4 – కత్తెర, జిగురు

కార్డుల గురించి ఎవరూ చెప్పలేదు గనుక క్లుప్తంగా చెబుతాను. చిక్కపేట పక్కన సుల్తాన్‌పేటలో శుభలేఖల దుకాణాల్లో గట్టి అట్ట దొరుకుతుంది. ఎదురెదురుగా కూర్చునేవారికి తలకిందులు కాకుండా ప్రతి పదాన్నీ కార్డు ఒకే వైపున రెండు దిక్కులా రాయాలి. ఇంగ్లీషును తలకిందులుగా ఎలాగో చదవగలం గానీ, ఒత్తులున్న తెలుగును తిరగేస్తే ఒత్తేదో తలకట్టేదో తెలియదు. ప్రింటు తీయించేటట్లయితే ఉచితంగా దొరికే మండలి ఖతి బాగుంటుంది. రామభద్ర శీర్షికల కోసం చేసిన లావుపాటి ఖతి, చిన్న కార్డు మీద ఒత్తులు అలుక్కుపోతాయి. వరసల మధ్య జాగా పెంచడం మరిచిపోతే 'స్త్రీ' కాళ్ళు తెగిపోతాయి. నాకు తెగాయి.

తాళపు కార్డులు పది చేస్తే చాలు, ఒక్కొక్కదాన్ని నాలుగు వైపులకు తిప్పవచ్చు గనుక నలభై అమరికలు వస్తాయి. గుర్తు బిళ్ళలు కొనవద్దు. ఒకవైపు అరగదీసిన చింతగింజలు ఉంటే గోధుమరంగు వైపు ఒక జట్టుకు, తెల్లవైపు రెండో జట్టుకు సరిపోతుంది. హంతకుడికి ఒక గచ్చకాయ. దొరికిన కార్డును బోర్లించి దాని మీద గింజ పెట్టండి. గింజ ఒక్కటే పెడితే పదం కనబడుతూనే ఉండి, వాదోపవాది గారికి మళ్ళీ పని పడుతుంది. అష్టాచమ్మా పటం ఉన్నవారికి ఇంకొక సౌకర్యం: దానికీ అయిదు అయిదుల పాతిక గళ్ళే. మా ఇంట్లో గుడ్డమీద కుట్టిన పటం మీదే కార్డులు పరుస్తాము.

ప్రశ్న అడిగినవారి నుంచి – జయనగర మేడమీద

అందరికీ కృతజ్ఞతలు. నిన్న 160 పదాలతో ఆడాము. పైకి చదవడం, నవ్వకుండా కార్డు మార్చడం రెండూ పాటించాము. ఏడు కార్డులు మారాయి, అందులో రెండు నేను మార్పించినవే.

మూడో ఆటకు మా అత్తగారు సూచకురాలిగా కూర్చుంటానన్నారు. తాళపు కార్డును చాలాసేపు చూసి, కళ్ళజోడు సర్దుకుని, "కాకి, 4" అన్నారు. మొదటిసారే నాలుగు చెప్పవద్దని మా ఆవిడ సైగ చేసింది గానీ అత్తగారు పట్టించుకోలేదు. లెక్క వెంటనే దొరికింది, ఎంగిలి కూడా. మూడోది గోల అని శ్రీకాకుళం మిత్రుడు పట్టుకున్నాడు. నాలుగోది ఎవరికీ తట్టలేదు. నేను 'నలుపు' మీద వేలు పెట్టబోతుంటే గూడూరు మిత్రుడు నా చేయి పట్టుకుని ఆపి, 'బంగారం' కార్డును చూపించాడు. వాళ్ళ వైపు అభ్రకం గనులు ఉన్నాయి కదా. చిన్నప్పుడు చెప్పులకు అంటుకుని వచ్చే ఆ మెరిసే రేకులను ఇంట్లో కాకిబంగారం అనేవారట. బల్ల చుట్టూ ఉన్నవారిలో ఆ మాట అత్తగారికీ అతనికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. నలుపు హంతకుడని తరువాత తెలిసింది.

ఆట అయ్యాక ఆవిడ వేసిన ప్రశ్నకు మాలో ఎవరి దగ్గరా సమాధానం లేదు. 'కాకి' బల్లమీద ఉన్నప్పుడు 'ఏకాకి' అని సూచన చెప్పవచ్చా? ఆ రెంటికీ చుట్టరికమేమీ లేదు కదా అంటున్నారు. వాదోపవాది గారు చెప్పాలి.

జవాబు 5 – వాదోపవాది

చుట్టరికం లేకపోయినా చెవికి వినబడుతోంది గనుక చెల్లదు. అయితే అత్తగారు అడిగారు కాబట్టి ఒక్క ఆటకు ఒప్పుకోండి.