అప్‌డేట్: రిస్పెరిడోన్ మొదలయ్యాక అక్కకు నెలసరి ఆగింది, కారణం దొరికింది

స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బుకు రిస్పెరిడోన్ మందు వాడుతున్న మా అక్కకు నెలసరి ఆగిందని, రొమ్ముల్లో పాలలా వస్తోందని అడిగాను కదా. ప్రొలాక్టిన్ (పాలు వచ్చేలా చేసే హార్మోన్) టెస్ట్ చేయించమన్నవాళ్లకు చాలా థ్యాంక్స్, అదే కారణం. 25 లోపు ఉండాల్సింది 118 వచ్చింది.

ఇక్కడ బెంగళూరులో, మారతహళ్లి దగ్గరి సైకియాట్రిస్టు ఓపిగ్గా చెప్పారు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో ప్రొలాక్టిన్‌ను అదుపులో ఉంచేది డోపమైన్ అనే మెదడు రసాయనం. రిస్పెరిడోన్ దాన్ని పని చేయనివ్వదు, అందుకే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. అదే మందుకి మగవాళ్లకంటే ఆడవాళ్లలో ప్రొలాక్టిన్ ఎక్కువ పెరుగుతుందట, ఈస్ట్రోజన్ ప్రభావం వల్ల. ఏళ్ల తరబడి అలాగే ఉంటే ఎముకలూ బలహీనపడతాయి, దయచేసి సిగ్గుపడి దాచకండి.

మెల్లగా అరిపిప్రజోల్ అనే వేరే మందుకు మార్చారు. నెలసరి వచ్చింది. జబ్బు వల్ల లేని గొంతులు వినిపించడం మళ్లీ మొదలవలేదు (మా అసలు భయం అదే). థైరాయిడ్, పీసీఓడీ రెండూ కాదని తేలింది. డాక్టరుకు చెప్పకుండా మందు మాత్రం ఆపకండి.