అప్‌డేట్: ఇంటికి ఏ జిన్ తెచ్చుకోవాలో తేల్చుకున్నాను

క్రాఫ్ట్ జిన్‌లు (చిన్న డిస్టిలరీలు కొద్ది మోతాదుల్లో చేసే జిన్ మద్యం) ఏవి తాగినా ఒకేలా అనిపిస్తున్నాయి, ఇంట్లో ఉంచుకోవడానికి ఎలా ఎంచుకోవాలని అడిగాను కదా. ముందు టానిక్ వాటర్ (జిన్‌లో కలుపుకునే చేదు-తీపి సోడా) లేకుండా రుచి చూడమన్న వాళ్లందరికీ చాలా థ్యాంక్స్. పొరపాటు అక్కడే జరిగింది. గ్లాసు నిండా టానిక్ పోసేస్తే దాని చేదు, తీపి తప్ప ఇంకేం తెలుస్తుంది!

ఈసారి మూడు రకాలు చిన్న గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోసి, ఐస్ వేయకుండా వాసన చూశాను. తర్వాత కాసిన్ని నీళ్లు కలిపాను. మొదటిదైన లండన్ డ్రైలో ముందు జూనిపర్ కాయల (జిన్‌కి అసలు రుచినిచ్చే దినుసు) ఘాటు తగిలింది, ఆ వెనకే ధనియాలు. రెండోదాంట్లో అంతా నిమ్మతొక్కే. మూడోది నీళ్లు పడగానే మసకబారింది. పాడైపోయిందేమోనని టెన్షన్ పడ్డాను కానీ, దినుసుల నూనెలు ఎక్కువుంటే అలాగే అవుతుందట. నాకు బాగా నచ్చింది కూడా అదే.

అయినా మొదటి సీసాగా లండన్ డ్రైనే తీసుకున్నాను. ఆ పేరు ఊరిది కాదు, తయారీ పద్ధతిది. ఐరోపా నిబంధనల ప్రకారం అందులో లీటరుకు 0.1 గ్రాముకు మించి తీపి ఉండకూడదు. అందుకే టానిక్‌లోకైనా మార్టినీ కాక్‌టెయిల్‌లోకైనా కుదురుతుంది. ఇప్పుడు ఒక వంతు జిన్‌కి రెండు వంతులే టానిక్ పోస్తున్నాను, జూనిపర్ స్పష్టంగా తెలుస్తోంది. ఆ మసకబారినదాన్ని వచ్చే నెల తెచ్చుకుంటాను.