మ్యూనిక్‌లో కాపురం: సెలవు రోజుల్లో ఎక్కడికి వెళ్తున్నారు?

గోదావరిగట్టు:

అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగం వల్ల పెళ్లయిన కొద్ది కాలానికే మ్యూనిక్‌కు వచ్చాము. వారమంతా ఆయనకు ఆఫీసు, నాకు జర్మన్ భాష తరగతులు. శనివారం ఇండియన్ షాపుకు వెళ్లి కందిపప్పు, కరివేపాకు తెచ్చుకొని, ఇంటికి ఫోన్లు చేసి, నాలుగు కూరలు వండి ఫ్రిజ్‌లో పెట్టుకొనేసరికి పొద్దుపోతుంది. ఆదివారం ఇక్కడ దుకాణాలన్నీ మూసి ఉంటాయి కాబట్టి ఇల్లు కదలడం లేదు. మా స్నేహితులేమో నాలుగు రోజులు వరుసగా సెలవు దొరికితే కారు అద్దెకు తీసుకొని మూడు దేశాలు చుట్టి వస్తారు. అంత ఖర్చు ఇప్పుడే వద్దని మావారి అభిప్రాయం. ఇంత దూరం వచ్చి ఏమీ చూడకపోతే ఎలాగని నా బాధ. నేను శాకాహారిని. చిత్రకళ గురించి గాని, పాశ్చాత్య సంగీతం గురించి గాని మా ఇద్దరికీ పెద్దగా తెలియదు. అటువంటి వారికి మ్యూజియంలు, ఒపెరా (పాటలతో సాగే నాటకం) రుచిస్తాయా? మే నెలలో మా అత్తగారు, మామగారు వస్తున్నారు, ఆలోగా ఈ ఊరిని కొంతైనా తెలుసుకోవాలని ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ఇసార్‌తీరం:

గోదావరిగట్టు గారూ, మూడు దేశాలు చుట్టి వచ్చినవారిని ఏమి చూశారని అడిగితే చాలామంది చూపించేది పార్కింగ్ స్థలాల ముందు దిగిన ఫొటోలే. కనుక ఆ విషయంలో మీరు దిగులు పడనవసరం లేదు. మీ వారికి ఆఫీసు ప్రయాణం కోసం డోయిచ్‌లాండ్ టికెట్ ఉండే ఉంటుంది. 2023 మే నెలలో 49 యూరోలతో మొదలైన ఈ నెలవారీ టికెట్ 2025లో 58కి, 2026 జనవరిలో 63కి పెరిగింది. అయినా దానితో దేశంలోని ప్రాంతీయ రైళ్లు, మెట్రోలు, ట్రాములు, సిటీ బస్సులు అన్నీ ఎక్కవచ్చు, ఐసీఈ వంటి వేగపు రైళ్లు మాత్రం ఎక్కరాదు. ఆఫీసుకని కొన్న టికెట్ శని, ఆదివారాల్లో జేబులో ఊరికే పడి ఉంటోందన్న మాట మీ వారికి చెప్పి చూడండి. పొదుపరులను కదిలించడానికి ఇంతకు మించిన వాదన లేదు. మీరు కూడా ఒక నెల తీసుకోండి. వద్దనుకుంటే ఆ నెల 10వ తేదీలోగా రద్దు చేస్తే నెలాఖరుకు ఆగిపోతుంది.

మొదట కీమ్జే సరస్సుకు వెళ్లమని నా సలహా. సాల్జ్‌బర్గ్ వైపు వెళ్లే ప్రాంతీయ రైలులో సుమారు గంటకు ప్రీన్ వస్తుంది, అక్కడి రేవు నుంచి పడవలో ద్వీపానికి చేరవచ్చు (పడవకు, రాజభవనానికి టికెట్లు వేరు). ఫ్రాన్సులోని వెర్సాయ్ భవనాన్ని చూసి మోజుపడిన రెండవ లుడ్విగ్ రాజు ఆ ద్వీపంలో అటువంటిదే కట్టించబోయి, డబ్బు చాలక, 1886లో చనిపోయేనాటికి దానిని సగంలో వదిలివెళ్లాడు. లోపలికి వెళ్లగానే పాలరాయి, రంగుల బొమ్మలు, గాజు పైకప్పుతో కళ్లు చెదిరే మెట్లదారి ఒకటి కనిపిస్తుంది. అద్దాల మందిరం దాటి అవతలి పక్కకు వస్తే అంతే పరిమాణంలో మరొక మెట్లదారి ఉంటుంది, కాని అక్కడ సున్నం కూడా పడని ఉత్త ఇటుక గోడలే. గైడు చెప్పే చరిత్ర సగం అర్థం కాకపోయినా, ఆ రెండింటినీ వెంటవెంటనే చూసినవారికి ఆ రాజు కథ బోధపడుతుంది.

సాల్జ్‌బర్గ్ స్టేషన్ వరకు కూడా ఇదే టికెట్ చెల్లుతుంది. అది ఆస్ట్రియా అయినా షెంగెన్ ప్రాంతమే కాబట్టి జర్మనీ నివాస కార్డు ఉన్నవారికి వేరే వీసా అక్కరలేదు. అయితే తిరుగు రైలులో సరిహద్దు దగ్గర పోలీసులు తనిఖీ చేస్తుంటారు కనుక పాస్‌పోర్టు, నివాస కార్డు రెండూ దగ్గర ఉండాలి. ఫోన్‌లోని ఫొటో చాలదు.

వీణానాదం:

మ్యూజియంలు రుచిస్తాయా అని అడిగారు. ఆదివారం ఇల్లు కదలడం లేదన్నారు కాబట్టి చెప్తున్నాను: ఆల్టె పినాకోథెక్, పినాకోథెక్ డెర్ మోడెర్నె, బ్రాండ్‌హోర్స్ట్ వంటి ప్రభుత్వ మ్యూజియంలలో ఆదివారం ప్రవేశ రుసుము ఒక్క యూరో. ఖర్చు అంత తక్కువ గనుక అన్నీ చూసి తీరాలన్న పంతం ఉండదు. రెండు గదులు చూసి, కాళ్లు నొప్పి పుడితే బయటికి వచ్చేయవచ్చు. నేను మొదట్లో ఆల్టె పినాకోథెక్‌లో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1500 సంవత్సరంలో గీసుకున్న స్వీయచిత్రం ముందే చాలాసేపు నిలబడేదాన్ని. సూటిగా మన వైపు చూసే ముఖం, భుజాల మీద పడే జుత్తు పాయలు, కోటు అంచున ఉన్న బొచ్చును పట్టుకున్న వేళ్లు. దగ్గరికి వెళ్తే ఒక్కో వెంట్రుకనూ విడిగా గీసినట్లు తెలుస్తుంది. దీనికి చిత్రకళా పరిజ్ఞానం ఏమి కావాలి? అదే భవనంలో రూబెన్స్ గీసిన అంతిమ తీర్పు చిత్రం ఆరు మీటర్ల పైచిలుకు ఎత్తు ఉంటుంది, దానికి తగినట్లుగానే ఆ హాలును కట్టారు.

ఒపెరా సంగతి కాస్త వేరు. బవేరియా రాష్ట్ర ఒపెరాలో నిలబడి చూసే టికెట్లు సినిమా టికెట్ల ధరకు అటూఇటూగా దొరుకుతాయి, పాడే మాటలు వేదిక పైన జర్మన్‌తోపాటు ఇంగ్లీషులో కూడా అక్షరాల్లో కనిపిస్తాయి. కాని సంగీతకర్త వాగ్నర్ పేరు విని మొదటిసారే ఆయన రచనకు వెళ్తే నాలుగైదు గంటలు నిలబడి, ఇక జన్మలో ఒపెరా వద్దనుకొంటారు. మోజార్ట్ ‘మాయా వేణువు’ గాని, వెర్డీ ‘ల ట్రావియాటా’ గాని ఎంచుకోండి. పట్టుచీర కట్టుకొని వెళ్లండి, అక్కడ అందరూ ముస్తాబయ్యే వస్తారు. కోటు, సంచి బయట అప్పగించే చోటు ఉంటుంది.

చెస్ట్‌నట్‌నీడ:

పైవారు చెప్పినవన్నీ సబబే గాని, అసలు ఖర్చంతా తిండి దగ్గరే అవుతుందని, శాకాహారులకు ఇబ్బంది కూడా అక్కడేనని ఎవరూ చెప్పలేదు. గోదావరిగట్టు గారు బీర్ గార్డెన్ అనే పేరు విని అటు వెళ్లి ఉండకపోవచ్చు. ఇక్కడి బీర్ గార్డెన్లలో ఇంటి నుంచి తెచ్చుకున్న భోజనం తినడం ఆనవాయితీ, బవేరియా ప్రభుత్వ నిబంధనల్లో కూడా ఆ మాట ఉంది. పూర్వం బీరు తయారు చేసేవారు నేలమాళిగలు చల్లగా ఉండాలని పైన చెస్ట్‌నట్ చెట్లు పెంచి, ఆ నీడలోనే బీరు అమ్మసాగారు. పూటకూళ్లవారు గగ్గోలు పెట్టడంతో, రొట్టె తప్ప మరే భోజనమూ అక్కడ అమ్మరాదని 1812లో రాజు ఉత్తరువు ఇచ్చాడు. అప్పటినుంచి జనం తిండి వెంట తెచ్చుకోవడం మొదలుపెట్టారు. గుడ్డ పరచని బల్లల దగ్గర కూర్చోవాలి, పానీయం మాత్రం అక్కడే కొనాలి. బీరు అలవాటు లేకపోతే ఆపిల్ షోర్లే (ఆపిల్ రసంలో సోడా కలిపినది) దొరుకుతుంది. హిర్ష్‌గార్టెన్‌లో మేము పులిహోర, దద్దోజనం డబ్బాలు విప్పి కూర్చుంటే, పక్క బల్ల వద్ద ఒక పెద్దాయన ఇంటి నుంచి తెచ్చుకున్న ముల్లంగిని చక్రాలుగా తరిగి ఉప్పు జల్లుకుంటున్నాడు. మమ్మల్ని వింతగా చూసినవారే లేరు.

మరొక మాట. ప్రతి యూరోనూ రూపాయల్లోకి మార్చి చూసుకునే అలవాటు మగవారికి ఒక పట్టాన పోదు, ఆ లెక్కల్లోనే మాకు మొదటి వేసవి గడిచిపోయింది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి, బయట తిరిగే పనులన్నీ ఏప్రిల్ నుంచి అక్టోబరు లోపల పెట్టుకొని, మ్యూజియంలూ ఒపెరా చలికాలానికి ఉంచుకోండి.

గోదావరిగట్టు:

అందరికీ ధన్యవాదాలు. మావారు ఇది చదివి కీమ్జేకు సరేనన్నారు, రూపాయల లెక్క గురించి మాత్రం ఏమీ మాట్లాడలేదు. అత్తగారు వచ్చాక నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట చూడాలంటున్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. వెళ్లవచ్చునా?

ఇసార్‌తీరం:

మోకాళ్ల నొప్పులుంటే ఆలోచించుకోవాలి. కోట కింద ఉన్న ఊరి నుంచి పైకి నడిస్తే దాదాపు 40 నిమిషాల ఎత్తెక్కే దారి. గుర్రపుబండి, బస్సు ఉన్నాయి గాని అవి దించిన చోటి నుంచి కూడా కొంత నడవాలి, కోట లోపల మెట్లు బాగానే ఉంటాయి. ఈ కోట కూడా కీమ్జే భవనం కట్టించిన లుడ్విగ్ రాజుదే. ఆయన కట్టించినవాటిలో, ఆయన జీవితకాలంలో పూర్తయిన ఒకే ఒక్క భవనం లిండర్‌హోఫ్. అది చిన్నది, తోట అందమైనది, పెద్దవారికి సుఖం. ఒబెరామర్‌గావ్ వరకు రైలులో వెళ్లి అక్కడ బస్సు ఎక్కాలి. నలుగురికీ కలిపి ఒకే బయర్న్ టికెట్ (బవేరియాలో ప్రాంతీయ రైళ్లకు ఒక రోజు టికెట్) కొనండి, పనిదినాల్లో అది ఉదయం తొమ్మిది తరువాతే చెల్లుతుంది కాబట్టి శనివారం బయలుదేరితే తొందరగా వెళ్లవచ్చు. ఆవిడ కోటే చూడాలని పట్టుబడితే, ప్రవేశ సమయం ముందుగానే బుక్ చేసుకొని వెళ్లండి. అక్కడికి వెళ్లి వరుసలో నిలబడితే టికెట్లు అయిపోవచ్చు.