"ఆరంభించి పరిత్యజింతురు": డైరీ మానేసినవాళ్లంతా మధ్యములేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. డైరీ మొదలుపెట్టడం, వారం తిరక్కుండా మానేయడం నాకు ఏటా జరిగే తంతు. మొన్న ఇంట్లో ఈ మాట వస్తే మా అన్నయ్య కింది పద్యం చదివి, "నువ్వు మధ్యముడివిరా, నీచుల్లో లేనందుకు సంతోషించు" అన్నాడు.

ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాససంత్రస్తులై
యారంభించి పరిత్యజింతు రురువిఘ్నాయత్తులై మధ్యముల్
ధీరుల్ విఘ్ననిహన్యమానులగుచున్ ధృత్యున్నతోత్సాహులై
ప్రారబ్ధార్థము లుజ్జగింపరు సుమీ ప్రజ్ఞానిధుల్ గావునన్

రెండో పాదం నన్ను చూసి రాసినట్టే ఉంది. వేరే అన్వయం ఏమైనా ఉందా, ఒప్పేసుకోమంటారా?

జవాబు:
మీ అన్నయ్యగారు పద్యం బాగానే చదివారు, తీర్పే తొందరగా ఇచ్చేశారు.

భర్తృహరి నీతిశ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు ఇది. ఆటంకాలకు భయపడి నీచులు పని మొదలే పెట్టరు, మధ్యములు మొదలుపెట్టి ఆటంకం రాగానే వదిలేస్తారు, ధీరులు ఆటంకాలు కొడుతున్నా వదలరు అని భావం. మనకు ఆరంభశూరత్వం అనగానే రెండో పాదం గుర్తొస్తుంది, అక్కడే ఆగిపోతాం. అసలు చూడాల్సింది మూడోది. వాడుకలో ఉన్న సంస్కృత పాఠంలో అది "విఘ్నైః పునఃపునరపి ప్రతిహన్యమానాః" అని ఉంటుంది. ఆటంకాలు మళ్లీ మళ్లీ వచ్చి కొడుతున్నా అని. తెలుగులో "విఘ్ననిహన్యమానులగుచున్" వచ్చింది కానీ ఆ "పునఃపునః" జారిపోయింది. దాని చోట ధృతి, ఉత్సాహం వచ్చి కూర్చున్నాయి. దాంతో తెలుగులో ధీరుడంటే గుండె నిబ్బరంతో ఎక్కడా ఆగకుండా సాగిపోయే మనిషిలా కనబడతాడు. సంస్కృతంలో ఉత్తముడు మాత్రం ఒకటికి పదిసార్లు దెబ్బ తినేవాడు. మధ్యముడికీ అతనికీ తేడా ఆటంకం రావడంలో లేదు, అది ఇద్దరికీ వస్తుంది. తర్వాత ఏం చేశాడన్నదే తేడా. కాబట్టి మీరు నాలుగు రోజులు రాయకపోతే అది ఇంకా మూడో పాదమే. రెండో పాదంలోకి వెళ్లాలంటే పుస్తకం అటకెక్కించాలి.

ఇంకోటి. "ఉరువిఘ్నాయత్తులై" అన్నాడు చూడండి, ఉరు అంటే పెద్ద. మధ్యములు కూడా పెద్ద ఆటంకానికే లొంగుతారట. మరి మనల్ని ఆపేదేమిటి? ఒకరోజు ఇంటికి ఆలస్యంగా రావడం, ఇంకోరోజు నిద్ర ముంచుకురావడం. వీటిని ఉరువిఘ్నాలంటే లక్ష్మణకవి ఒప్పుకోడు.

నా లెక్కలో డైరీకి పెద్ద ఆటంకం ఆ అచ్చువేసిన డైరీయే. పేజీకో తేదీ ఉంటుంది. జనవరి 5 దాకా నిండుగా రాస్తాం. మళ్లీ తెరిచేది 12న. మధ్యలో 6 నుంచి 11 దాకా ఆరు తెల్ల పేజీలు, బాకీ వసూలుకు వచ్చినవాళ్లలా వరసగా నిలబడి ఉంటాయి. సరే పూర్తి చేద్దామని 6వ తేదీ ఏం జరిగిందో తలచుకుంటూ కూర్చుంటాం, సగం గుర్తుకు రాదు. విసుగొచ్చి మూసేస్తాం. మామూలు నోట్‌బుక్ తీసుకుని తేదీ మన చేత్తో వేసుకుంటే ఈ టెన్షన్ ఉండదు. 5వ తేదీ రాత అయిపోయిన చోట ఒక అడ్డగీత, దాని కింద 12. రాయని రోజులు పుస్తకంలో ఒక్క లైను కూడా ఆక్రమించవు. పాత రోజులు పూరించాలని చూడకండి, అదొక్కటి మానేస్తే సగం పని అయినట్టే.

నాలుగో పాదంలో "ప్రారబ్ధార్థము" గురించి కూడా ఒక మాట. మనం రోజూ అనుకునే కర్మ, తలరాత కాదిక్కడ, మొదలుపెట్టిన పని అని. పనికి ఒక పూర్తి ఉంటుంది. డైరీకి ఏది పూర్తి? సామ్యూల్ పీప్స్ అనే ఇంగ్లండ్ నౌకాశాఖ అధికారి 1660 జనవరి 1న డైరీ మొదలుపెట్టి, చూపు పోతుందేమోనన్న భయంతో 1669 మే 31న ఆపేశాడు. చూపు పోలేదు, 1703 దాకా బతికాడు. విఘ్నభయంతో వదిలేసినవాడు కాబట్టి పద్యం ప్రకారం ఆయనా మధ్యముడే. కానీ లండన్ అగ్నిప్రమాదం, ప్లేగు కళ్లకు కట్టాలంటే ఇప్పటికీ జనం ఆయన డైరీయే తీస్తారు. ఈ పద్యపు తక్కెడ డైరీకి అంతగా సరిపోదని నాకు అనిపించేది అందుకే.

అంతెందుకు, 1986లో పెన్నెబేకర్, బీల్ అనే మనస్తత్వవేత్తలు కాలేజీ విద్యార్థుల చేత రాయించింది వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు. మనసును బాధపెట్టిన సంగతులను, అప్పుడు జరిగిందీ అనిపించిందీ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్యకేంద్రానికి వెళ్లడం తగ్గింది. నాలుగు రోజులు రాసి ఆపేసినా వృథా కాదన్నమాట.

ఇక ఏం రాయాలి అంటారా. "ఈ రోజు ఆఫీసులో చిరాకు" అని రాస్తే ఆర్నెల్ల తర్వాత అది మీకే అర్థం కాదు. ఇలా రాయండి: "మీటింగ్‌లో నేను చెప్పిందే పది నిమిషాల తర్వాత ఇంకొకాయన చెప్తే అందరూ తలలూపారు. నేను నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నా." రెండే వాక్యాలు. చిరాకు అన్న మాటే లేదు, చిరాకంతా అందులోనే ఉంది. ఎవరైనా అన్న మాటను అన్నట్టే దించుకోవడం ఇంకా తేలిక. రాసిన రోజు ఇదేం గొప్పగా అనిపించదు. కొన్ని నెలలయ్యాక తిరగేస్తే, అసలు సరదా అప్పుడు తెలుస్తుంది.

మరో సభ్యురాలు:
వివరణ బాగుందండీ, కానీ పద్యం పదును కాస్త మొద్దుబారింది. మానేసినా ఫరవాలేదు, నాలుగు రోజులైనా చాలు అంటూ పోతే ఇక అలవాటు ఎప్పటికవుతుంది? నీతిశతకం చదివేది నాలుగు చీవాట్లు తినడానికే కదా.

జవాబు:
చీవాట్లు మా వాటాకూ వచ్చాయి లెండి! మీరన్నది నిజమే, డైరీ రోజూ రాస్తేనే రుచి పడుతుంది. నేను కాదంటున్నది తప్పిన రోజును నేరంగా చూడటాన్నే. అలవాట్ల మీద ఫిలిపా లాలీ, ఆమె సహచరులు లండన్‌లో చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. అది తిండి, నీళ్లు, వ్యాయామం లాంటి అలవాట్ల గురించి, డైరీ గురించి కాదు. ఒక పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే చెప్పుకోదగ్గ నష్టం కనబడలేదు.

అందులో పాల్గొన్నవాళ్లు కొత్త పనిని రోజూ ఎలాగూ వచ్చే ఒక సందర్భానికి తగిలించుకున్నారు, టిఫిన్ అయ్యాక అన్నట్టు. ప్రశ్న వేసిన తమ్ముడు కూడా "రాత్రి వీలు చూసుకుని" అనుకోకుండా, ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టే చోటే నోట్‌బుక్, పెన్ను ఉంచుకుంటే సరి. ఫోన్ పెట్టడం మాత్రం ఎవరూ మర్చిపోరు కదా.

ప్రశ్న వేసినవారు:
పునఃపునః సంగతి అన్నయ్యకు చెప్పాను. "అయితే ముందు మూడో పాదంలోకి రా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. నోట్‌బుక్ కొన్నాను, తేదీలు లేనిదే.