ఆర్టీఐ కేసుల్లో హైకోర్టు ఫైలు తెప్పించుకుని చూడాలా, కమిషన్‌కే తిప్పి పంపాలా?

చెరువుగట్టు:
సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద మా ఊరి చెరువు పూడికతీత బిల్లులు అడిగాను. ఆ చట్టంలోని సెక్షన్ 8(1)(హెచ్) చూపించి, విచారణ నడుస్తోంది, ఇవ్వలేమన్నారు. రెండో అప్పీలులో సమాచార కమిషన్ ఇవ్వమని చెప్పింది. ఆ శాఖ హైకోర్టులో రిట్ వేసి స్టే తెచ్చుకుంది. అప్పటి నుంచీ ఎదురుచూపులే. జడ్జిగారే ఆ ఫైలు తెప్పించుకుని ఒక్కసారి తిరగేస్తే అక్కడికక్కడే తేలిపోదా? కమిషన్‌కు తిప్పి పంపితే మళ్లీ మొదటికే వస్తాం.

నల్లకోటు:
రిట్ అంటే అప్పీలు కాదండీ. సెక్షన్ 23 మామూలు కోర్టుల్ని ఈ చట్టం జోలికి రానివ్వదు. రాజ్యాంగంలో 226వ అధికరణం ఉంది కాబట్టే హైకోర్టు వింటుంది. అది కూడా కమిషన్ చట్టం ప్రకారం నడిచిందా, కారణాలు రాసిందా అన్నంతవరకే. పైగా జడ్జి ఒక్కరే ఫైలు చూస్తే, అందులో ఏముందో తెలియని మీరు దేని మీద వాదిస్తారు?

చెరువుగట్టు:
ఆ చివరి మాట నిజమే, నేను ఆలోచించలేదు. కానీ సెక్షన్ 19(5) మాటేమిటి? ఇవ్వకపోవడం సరైనదేనని రుజువు చేయాల్సింది అధికారే. విచారణ ఉందంటే సరిపోదు, సమాచారం ఇస్తే దానికి ఎలా అడ్డవుతుందో చూపాలని 2007లోనే ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అది చూపకుండా స్టే ఎలా ఇస్తారు? నా బాధంతా అదే.

పోటీపరీక్షలు:
2011 సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు దిద్దిన జవాబు పత్రాలు చూపాలంది. అదే తీర్పులో, అడ్డగోలుగా అడిగి ఆఫీసు పనంతా ఆపొద్దని కూడా అంది. ప్రతి దరఖాస్తుకూ హైకోర్టు ఫైళ్లు తిరగేయాలంటే కష్టం.

చెరువుగట్టు:
నేనడిగింది ఒక్క చెరువు బిల్లులు తమ్ముడూ. ఇవ్వకూడని పేజీలుంటే సెక్షన్ 10 కింద వాటిని తీసేసి మిగతావి ఇవ్వొచ్చు.

నల్లకోటు:
స్టే విషయంలో నేను మీ వైపే. అధికారి కారణాలను అఫిడవిట్‌లో వివరంగా రాయించాలి, అప్పటికీ అనుమానం తీరకపోతేనే ఫైలు తెప్పించాలి. ఒక్కమాట చెప్పండి, స్టే ఇచ్చేముందు మీకు నోటీసు వచ్చిందా? మీకు కాపీలివ్వకుండా, మీ మాట వినకుండా ఇచ్చి ఉంటే 226(3) చూడండి. స్టే ఎత్తేయమని పిటిషన్ వేస్తే రెండు వారాల్లో తేల్చాలి.

చెరువుగట్టు:
రాలేదండీ. స్టే వచ్చిన సంగతే నాకు తర్వాత తెలిసింది. సోమవారమే వకీలును కలుస్తాను.