సెరా నగ్న చిత్రంలో ఆ ప్రశాంతత చుక్కలదా, భంగిమదా?

ప్రశ్న: ఫిలడెల్ఫియాలోని బార్న్స్ ఫౌండేషన్ మ్యూజియంలో, రంగు చుక్కలతో బొమ్మలు వేసిన ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ సెరా ‘లె పోజ్యూజ్’ (1886–88) చూశాను. ఆయన స్టూడియోలో ముగ్గురు నగ్న మోడళ్లు. ఒకామె మనకు వీపు పెట్టి కూర్చుంది, ఒకామె నిలబడింది, మూడో ఆమె మేజోడు తొడుక్కుంటోంది. సిగ్గూ లేదు, కవ్వింపూ లేదు. ఆ చిత్రాన్ని మరో చిత్రకారుడు సెజాన్ వేసిన పేకాటరాయుళ్ల చిత్రానికి పైన వేలాడదీశారు. మెడ నొప్పి పుట్టింది గానీ చుక్కలు అందలేదు. ఆ ప్రశాంతత ఎక్కడి నుంచి వచ్చిందంటారు?

జవాబు: సెరాకు దీనిమీద సూత్రమే ఉందండీ. వెలుగునీడలు, వేడి చల్లని రంగులు సరిసమానంగా ఉండి, గీతలు అడ్డంగా సాగితే ప్రశాంతత కలుగుతుందని 1890లో ఒక ఉత్తరంలో రాశాడు.

మరో జవాబు: సూత్రం సరే. నేను ఆఫ్‌సెట్ ప్రెస్సులో రంగుల విభజన చేసి రిటైరైనవాణ్ణి, చుక్కల సంగతి నన్ను చెప్పనివ్వండి. అచ్చు బొమ్మ కూడా సన్నని రంగు చుక్కలతోనే కూడుతుంది; మా పనిలో చుక్క కంటికి కనిపిస్తే ఆ కాగితం చెత్తబుట్టకే. సెరా దాన్ని కనపడేలా వదిలేశాడు. చర్మం మీద నారింజ, గులాబి చుక్కలు, నీడల్లో నీలం. దూరం నుంచి చూసినా అవి పూర్తిగా కలిసిపోవు, సన్నగా అదురుతూనే ఉంటాయి. నారింజ, నీలం లాంటి ఎదురు రంగులు కలిసిన చోట కొంత బూడిదతనం కూడా వస్తుంది. అందుకే ఆ ఒళ్లు వెచ్చగా అనిపించదు.

అసలు కిటుకు ఇంకొకటి. సెరా కాలపు చిత్రకారుడు రెన్వార్ నగ్న చిత్రాల్లో కుంచె ఒంటి వంపు వెంబడి పోతుంది, చేత్తో నిమిరినట్టు. సెరా చుక్కకు ఆ వంపుతో పని లేదు. నడుము మీదా అదే చుక్క, గోడ మీదా అదే. చిత్రకారుడు ఆ ఆడవాళ్లను తడమలేదు. నా మటుకు ప్రశాంతతంతా అక్కడిదే. మోడళ్ల వెనక గోడకు ఆనించిన, సెరాయే అంతకుముందు వేసిన ‘గ్రాండ్ జాట్’ చిత్రంలో బట్టలు కట్టుకున్నవాళ్లే కొయ్యబొమ్మల్లా ఉన్నారు, గమనించారా?

ప్రశ్న అడిగినవారు: గమనించలేదండీ, ఈసారి చూస్తాను. చుక్కలను దగ్గరగా చూసే వీలు ఎక్కడుంది?

మరో జవాబు: పారిస్‌లో, ఓర్సే మ్యూజియంలో. ఈ ముగ్గురికీ విడివిడిగా వేసిన చిన్న చెక్క పలకలున్నాయి, ఎత్తు సుమారు పాతిక సెంటీమీటర్లే. వీపు తిప్పిన ఆమెతో మొదలుపెట్టండి. ఇదే చిత్రానికి సెరా వేసిన చిన్న ప్రతి మాత్రం 2022 వేలంలో దాదాపు 14.9 కోట్ల డాలర్లకు పోయింది. దాని మీద ఆశ వదులుకోండి.